స్పర్శా విధానం: పుస్తకంలో ఒకే ఉష్ణోగ్రత, కర్మాగారంలో నాలుగు అరలు ఎందుకు?

ప్రశ్న (కెమిస్ట్రీ లెక్చరర్, తిరుపతి)

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక జూనియర్ కళాశాలలో ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులకు రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని స్పర్శా విధానంలో తయారు చేసే పాఠం వచ్చినప్పుడు పిల్లలు అడిగే కొన్ని ప్రశ్నలకు పుస్తకంలో ఉన్నంత వరకే సమాధానం చెప్పగలుగుతున్నాను. అంతకు మించి చెప్పాలంటే ప్లాంటులో పనిచేసినవారి అనుభవం కావాలి కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

మొదటి సందేహం ఉష్ణోగ్రత గురించి. సల్ఫర్ డయాక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసి సల్ఫర్ ట్రయాక్సైడ్‌గా మారడం ద్విగత చర్య (రెండు వైపులా జరిగేది), ఉష్ణమోచక చర్య (వేడిని వెలువరించేది), పైగా అణువుల సంఖ్య తగ్గే చర్య. పరిస్థితులు మారితే ద్విగత చర్య ఆ మార్పును తగ్గించే వైపు జరుగుతుందన్న లీ షాట్‌లియర్ సూత్రం ప్రకారం దీనికి తక్కువ ఉష్ణోగ్రత, ఎక్కువ పీడనం అనుకూలమని చెప్పి, ఆచరణలో 720 కెల్విన్ ఉష్ణోగ్రత, 2 బార్ పీడనం వాడతారని పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేసింది. 720 కెల్విన్ అంటే సుమారు 447 డిగ్రీల సెల్సియస్. అయితే మా విద్యార్థి ఒకడు ఒక ప్లాంటు రేఖాచిత్రం తెచ్చి చూపించాడు. అందులో కన్వర్టర్ (ఈ మార్పు జరిగే పాత్ర) లోపల ఉత్ప్రేరకం (చర్య వేగాన్ని పెంచే పదార్థం) నాలుగు అరలుగా ఉంది; ప్రతి అర దగ్గరా లోపలికి వెళ్లే వాయువుకు ఒక ఉష్ణోగ్రత, బయటికి వచ్చే వాయువుకు మరొక ఉష్ణోగ్రత రాసి ఉన్నాయి; మొదటి అర దాటి వచ్చే వాయువు 600 డిగ్రీలకు పైనే ఉంది. "తక్కువ ఉష్ణోగ్రత మంచిదని మీరే చెప్పారు కదా మేడమ్, మరి వాళ్లు అంత వేడెక్కనివ్వడం ఎందుకు?" అని అతను అడిగిన ప్రశ్న న్యాయమైనదే అనిపించింది.

రెండోది, ట్రయాక్సైడ్‌ను నేరుగా నీటిలో కాకుండా 98 శాతం ఆమ్లంలోనే ఎందుకు శోషింపజేస్తారన్నది. పొగమంచు ఏర్పడుతుందని మేము చెబుతాం. కానీ ఆ 98 అనే అంకెకు అంత ప్రాధాన్యం ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను. మూడోది మా ఊరి పిల్లలు కళ్లారా చూసే విషయం. పుత్తూరు వైపు నుంచి రేణిగుంట మీదుగా వచ్చే రోడ్డులో వెనకవైపు 1830 అనే సంఖ్య రాసిన యాసిడ్ ట్యాంకర్లు కనిపిస్తూ ఉంటాయి. ఇనుముతో ఆమ్లం చర్య జరిపి హైడ్రోజన్‌ను విడుదల చేస్తుందని తొమ్మిదో తరగతి నుంచి చెబుతున్నాం. అలాంటప్పుడు ఇనుప ట్యాంకరులో ఇన్ని టన్నుల ఆమ్లం ఎలా నిలుస్తోంది?

జవాబు (ఎరువుల కర్మాగారంలో విశ్రాంత ప్రాసెస్ ఇంజినీరు, చిత్తూరు)

లెక్చరర్ గారికి నమస్కారం. మీ విద్యార్థి అడిగిన ప్రశ్న సల్ఫ్యూరిక్ ఆమ్లం ప్లాంటుకు గుండెకాయ లాంటిది. ఆ రేఖాచిత్రాన్ని తరగతి గోడకు అంటించి పాఠం చెప్పినా తప్పు లేదు.

పుస్తకంలోని 720 కెల్విన్ అబద్ధం కాదు గానీ, అది కన్వర్టర్ అంతటా స్థిరంగా ఉండే ఉష్ణోగ్రత అనుకుంటే చిక్కు వస్తుంది. ఉత్ప్రేరకం నింపిన అరను మేము బెడ్ అంటాం. బెడ్ లోపల చల్లబరిచే గొట్టాలేవీ ఉండవు. చర్యలో పుట్టిన వేడి బయటికి పోయే దారి లేక పూర్తిగా వాయువులోనే నిలిచి దాని ఉష్ణోగ్రతను పెంచుతుంది. గంధకాన్ని మండించగా వచ్చిన వాయువులో దాదాపు 10 శాతం సల్ఫర్ డయాక్సైడ్ ఉంటుందనుకుంటే, అందులో ప్రతి ఒక్క శాతం మార్పిడికీ వాయువు సుమారు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. 420 డిగ్రీల దగ్గర మొదటి బెడ్‌లోకి ప్రవేశించిన వాయువు 60 నుంచి 65 శాతం మార్పిడి చెందేసరికి 610 డిగ్రీలు దాటిపోతుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గర సమతాస్థితి (ముందుకూ వెనక్కూ జరిగే చర్యల వేగాలు సమానమయ్యే స్థితి) అనుమతించే గరిష్ఠ మార్పిడే సుమారు 70 శాతం కాబట్టి, ఇక అక్కడ ఎంత ఉత్ప్రేరకం పోసినా, వాయువును ఎంతసేపు నిలిపినా ప్రయోజనం ఉండదు. అందువల్ల 600 డిగ్రీలను ఎవరూ కోరి తెచ్చుకోలేదు. చర్య తన వేడితో తానే అక్కడికి చేరి ఆగిపోతుంది.

అక్కడి నుంచి వాయువును బయటికి తీసి, బాయిలర్ లేదా సూపర్‌హీటర్ గుండా పంపి 440 డిగ్రీలకు దింపి రెండో బెడ్‌లోకి పంపిస్తారు. ఇప్పుడు సమతాస్థితి మళ్లీ పైకి జరిగింది కాబట్టి చర్య తిరిగి మొదలై, వాయువు 520 డిగ్రీల దాకా వేడెక్కుతూ, మొత్తం మార్పిడిని 85 నుంచి 90 శాతానికి చేరుస్తుంది. మళ్లీ చల్లబరిచి మూడో బెడ్‌లోకి పంపితే ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలకు మించి పెరగదు, మార్పిడి మాత్రం 95 శాతం దగ్గరికి వస్తుంది. బెడ్ తరువాత బెడ్‌కు ఉష్ణోగ్రత పెరుగుదల తగ్గుతూ పోవడాన్ని కంట్రోల్ రూములో తెర మీద చూస్తే చాలు, ఏ బెడ్‌లో ఎంత పని జరుగుతోందో తెలిసిపోతుంది. మొదటి బెడ్‌లో పెరుగుదల తగ్గి రెండో బెడ్‌లో పెరిగిందంటే, మొదటి బెడ్ ఉత్ప్రేరకం బలహీనపడిందని గానీ, లోపలికి వెళ్లే వాయువు తగినంత వేడిగా లేదని గానీ అర్థం. వాయువు నమూనా పరీక్ష ఫలితం రాకముందే ఆపరేటర్ థర్మామీటర్లను చూసి ఈ సంగతి చెప్పేస్తాడు.

పీడనం విషయం త్వరగా తేలిపోతుంది. 420 డిగ్రీల దగ్గర వాతావరణ పీడనంలోనే సమతాస్థితి 98 శాతానికి పైగా మార్పిడిని అనుమతిస్తుంది. మిగిలిన ఒకటి రెండు శాతం కోసం వేడివేడి ఆమ్ల వాయువును కంప్రెసర్లతో నొక్కడం ఖర్చుతో కూడిన పని, ప్రమాదం కూడా. అందుకే సాధారణంగా ప్లాంట్లు వాతావరణ పీడనానికి కొద్దిగా పైనే నడుస్తాయి. బ్లోయర్ పెంచే పీడనం గొట్టాలు, బెడ్లు, టవర్ల నిరోధాన్ని దాటించడానికి సరిపోయేంతే. అమ్మోనియా తయారీలో వందల బార్ల పీడనం వాడే హేబర్ విధానంతో దీన్ని పక్కపక్కన పెట్టి చెబితే, సూత్రం ఒకటే అయినా రెండు చర్యల సమతాస్థిరాంకాలు వేరైనప్పుడు కర్మాగారాలు ఎంత వేరుగా ఉంటాయో పిల్లలకు బాగా పడుతుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేడి గురించి. గంధకం, ఆక్సిజన్, నీరు కలిసి ఒక మోల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారైనప్పుడు మొత్తం సుమారు 528 కిలోజౌళ్ల ఉష్ణం వెలువడుతుంది. ఇందులో 297 గంధకం మండినప్పుడు, 99 డయాక్సైడ్ ట్రయాక్సైడ్‌గా మారినప్పుడు, మిగిలిన 132 ట్రయాక్సైడ్ ఆమ్లంగా మారినప్పుడు వస్తాయి. ఒక టన్ను ఆమ్లానికి లెక్క కడితే దాదాపు 54 లక్షల కిలోజౌళ్లు. బర్నర్‌లో గంధకం వెయ్యి డిగ్రీలకు పైగా మండుతుంది, దాని వెనుకే వేస్ట్ హీట్ బాయిలర్ ఉంటుంది. టన్ను ఆమ్లానికి టన్నుకు మించిన ఆవిరి అక్కడ తయారవుతుంది. ఆ ఆవిరితో టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు, ఎరువుల కర్మాగారమైతే ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని చిక్కబరచడానికి వాడతారు. వేడిని ఎక్కడ తీయాలి, ఎంత తీయాలి, ఎక్కడ తిరిగి ఇవ్వాలి అన్నదే ఈ ప్లాంటు డిజైన్ అంతా. పుస్తకాలు మూడు సమీకరణాలు రాసి, ఈ వేడి లెక్కను వదిలేయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఎందుకంటే ఈ లెక్క చెబితేనే నాలుగు బెడ్లు ఎందుకో పిల్లలకు వాళ్లంతట వాళ్లకే తెలుస్తుంది.

గంధకం దగ్గరే మరొక అందమైన విషయం ఉంది. గంధకాన్ని కరిగించి పంపులతో బర్నర్‌కు పంపిస్తారు. అది 115 నుంచి 119 డిగ్రీల మధ్య కరుగుతుంది. 140 డిగ్రీల దగ్గర నీళ్లలా పలుచగా పారుతుంది. కానీ 160 డిగ్రీలు దాటితే ఎనిమిది పరమాణువుల వలయాలు తెగి పొడవైన గొలుసులుగా కలుసుకోవడంతో ఒక్కసారిగా జిగటగా మారి పంపుకు లొంగదు. అందుకే గంధకం గొట్టాల చుట్టూ ఉండే జాకెట్‌లోకి ఎక్కువ పీడనమున్న ఆవిరిని వదలరు. నాలుగు బార్ల చుట్టుపక్కల ఆవిరి చాలు. మీ పాఠంలో గంధకం రూపాంతరాల దగ్గర చెప్పే విషయం ఇక్కడ గొట్టం లోపల ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

జవాబు (భౌతిక రసాయన శాస్త్రం, తిరుపతి)

ఇంజినీరు గారు వివరించిన మెట్ల వరుసకు ఉత్ప్రేరకం వైపు నుంచి కొంత చేర్చాలి. వాయువును 420 డిగ్రీల దగ్గరే ఎందుకు ప్రవేశపెట్టాలి, 300 డిగ్రీల దగ్గర పంపితే సమతాస్థితి ఇంకా అనుకూలం కదా అన్న ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది.

వెనేడియం పెంటాక్సైడ్ అని మనం పుస్తకంలో రాస్తాం గానీ, కర్మాగారంలో వాడేది కేవలం ఆ పొడి కాదు. సిలికా మట్టితో చేసిన చిన్న గొట్టపు ముక్కల్లాంటి గుళికల రంధ్రాల్లోకి వెనేడియం, పొటాషియం లవణాలను ఎక్కిస్తారు. పనిచేసే ఉష్ణోగ్రత దగ్గర పొటాషియం పైరోసల్ఫేట్ కరిగి ఆ రంధ్రాల గోడలకు పలుచని ద్రవపు పొరలా అంటుకుంటుంది. వెనేడియం అందులో కరిగి ఉంటుంది. సల్ఫర్ డయాక్సైడ్, ఆక్సిజన్ ఆ ద్రవంలోకి వెళ్లి అక్కడే చర్య జరుపుతాయి. ఘనపదార్థం మీద వాయువులు చర్య జరిపే విజాతీయ ఉత్ప్రేరణానికి దీన్ని ఉదాహరణగా చెప్పడం ఇంటర్ స్థాయికి సరిపోతుంది. అయితే ఆసక్తి ఉన్న విద్యార్థికి ఈ ద్రవపు పొర సంగతి తప్పక చెప్పాలి. ఎందుకంటే ఉష్ణోగ్రత 400 డిగ్రీల కన్నా దిగువకు పోయే కొద్దీ, ఆక్సీకరణ స్థితి ప్లస్ 4 ఉన్న వెనేడియం సమ్మేళనాలు ఆ ద్రవం నుంచి స్ఫటికాలుగా విడిపోయి చర్య వేగం దారుణంగా పడిపోతుంది. సమతాస్థితి ఎంత అనుకూలంగా ఉన్నా అక్కడికి చేరడానికి వేగం లేకపోతే ఏం లాభం? మరోవైపు 650 డిగ్రీలకు పైన ఎక్కువ కాలం ఉంచితే ఉత్ప్రేరకం శాశ్వతంగా చెడిపోతుంది. ఈ రెండు హద్దుల మధ్యలోనే ఇంజినీరు గారు చెప్పిన మెట్లన్నీ ఇమిడి ఉన్నాయి. పొటాషియంతో పాటు సీజియం కలిపిన ఉత్ప్రేరకాలు ఇంకా తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే పని మొదలుపెడతాయి. ఖరీదు ఎక్కువ కాబట్టి వాటిని అవసరమైన బెడ్‌లో మాత్రమే వాడుతుంటారు.

ఉత్ప్రేరకం సమతాస్థితిని మార్చదని, అక్కడికి చేరే వేగాన్నే పెంచుతుందని మనం నిర్వచనంగా చెప్పిస్తాం. ఈ ప్లాంటులో ఆ వాక్యానికి డబ్బు రూపంలో విలువ ఉంది: మొదటి బెడ్‌లో ఉత్ప్రేరకాన్ని రెట్టింపు చేసినా మార్పిడి 70 శాతాన్ని దాటదు.

చరిత్ర రెండు మాటల్లో చెబుతాను. ఈ విధానానికి 1831లో పేటెంటు తీసుకున్న పెరిగ్రిన్ ఫిలిప్స్ ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో వెనిగర్ వ్యాపారి. ఆయన సూచించిన ఉత్ప్రేరకం ప్లాటినం. కానీ ఖనిజాలను కాల్చగా వచ్చే వాయువులోని ఆర్సెనిక్ ప్లాటినాన్ని విషపూరితం చేయడంతో ఆ ఆలోచన దశాబ్దాల తరబడి కర్మాగారానికి ఎక్కలేదు. వాయువును పూర్తిగా శుభ్రపరచాలని, చర్యలో పుట్టే వేడిని తొలగిస్తూ ఉండాలని జర్మనీలోని బీఏఎస్ఎఫ్‌లో రుడాల్ఫ్ క్నీచ్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో తేల్చిన తరువాతే అది నిలదొక్కుకుంది. ఆ తరువాత ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో చౌకైనదీ, ఆర్సెనిక్‌ను మెరుగ్గా తట్టుకునేదీ అయిన వెనేడియం ప్లాటినం స్థానాన్ని ఆక్రమించింది. అంతకు ముందు రాజ్యమేలినది 1746లో జాన్ రోబక్ బర్మింగ్‌హామ్‌లో మొదలుపెట్టిన సీసపు గదుల పద్ధతి. దాని ఆమ్లం పలుచనిది కాబట్టి, రంగుల పరిశ్రమ ఓలియం (సల్ఫర్ ట్రయాక్సైడ్ కరిగి ఉన్న అతి గాఢ ఆమ్లం) అడగడం మొదలుపెట్టాక దానికి కాలం చెల్లింది.

జవాబు (యాసిడ్ యార్డు పర్యవేక్షకుడు, రేణిగుంట)

మేడమ్ గారూ, ట్యాంకరు ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. కరకంబాడి వైపు లెడ్ యాసిడ్ బ్యాటరీల పరిశ్రమ ఉండటం వల్ల ఈ ట్యాంకర్లను దించుకునే పని మాకు నిత్యం ఉండేదే. 1830 అనేది సల్ఫ్యూరిక్ ఆమ్లానికి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన గుర్తింపు సంఖ్య. ప్రమాదం జరిగితే అగ్నిమాపక సిబ్బంది దూరం నుంచే ఆ సంఖ్య చూసి లోపల ఉన్నదేమిటో తెలుసుకుంటారు.

గాఢ ఆమ్లం, అంటే 98 శాతం ఆమ్లం, ఇనుమును తాకగానే చర్య మొదలవుతుంది. మీరు చెప్పేది నిజమే. కానీ ఆ చర్యలో పుట్టిన ఐరన్ సల్ఫేట్ గాఢ ఆమ్లంలో దాదాపు కరగదు. అది లోహం మీద పలుచని పొరగా అంటుకుని ఆమ్లాన్ని లోపలికి పోనివ్వదు. అదే ఆమ్లంలో నీరు ఎక్కువైతే ఆ పొర కరిగిపోతుంది, ఇనుము తెరుచుకుంటుంది, హైడ్రోజన్ బుడగలు మొదలవుతాయి. అందువల్ల మామూలు ఇనుముకు పలుచని ఆమ్లం గాఢ ఆమ్లం కన్నా పెద్ద శత్రువు. కొత్తగా పనిలో చేరినవారికి నేను మొదట చెప్పేది ఇదే. వినగానే ఎవరూ నమ్మరు.

పని పద్ధతులన్నీ ఈ పొరను కాపాడుకోవడం కోసమే ఉన్నాయి. గొట్టంలో ఆమ్లం వేగంగా పారితే పొర కొట్టుకుపోతుంది కాబట్టి మామూలు ఉక్కు గొట్టాల్లో వేగాన్ని సెకనుకు ఒక మీటరు దరిదాపుల్లోనే ఉంచుతారు. ఆమ్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు గోడకు పైభాగంలో అంటుకున్న పలుచని ఆమ్లపు తడి ఆ తేమతో ఇంకా పలుచబడి అక్కడే తినడం మొదలుపెడుతుంది. అందుకే గాలి వచ్చి పోయే వెంట్ దగ్గర తేమను పట్టే సిలికా జెల్ వంటివి అమరుస్తారు. ట్యాంకు ఖాళీ అయ్యాక కొద్దిపాటి నీళ్లతో కడిగి వదిలేయడం అన్నిటికన్నా ప్రమాదకరం: అడుగున మిగిలిన ఆమ్లం పలుచబడి, హైడ్రోజన్ లోపల చేరి, ఎవరైనా పైన వెల్డింగ్ పెడితే ట్యాంకు పేలిపోతుంది. ట్యాంకును పూర్తిగా శుభ్రపరచి, గాలిని మార్చి, మీటరుతో పరీక్షించి, అనుమతి పత్రం ఇచ్చిన తరువాతే దాని మీద నిప్పు పని చేయనిస్తాం.

పిల్లలకు చూపించదగిన మరొక సంగతి. ఈ ఆమ్లం సాంద్రత లీటరుకు 1.84 కిలోలు. ఇరవై టన్నుల ఆమ్లం పదకొండు వేల లీటర్ల చోటులోనే ఇమిడిపోతుంది కాబట్టి, యాసిడ్ ట్యాంకరు అంతే బరువు మోసే పాల ట్యాంకరు పక్కన నిలబడితే చిన్నదిగా కనిపిస్తుంది.

బ్యాటరీకి కావలసింది ఈ గాఢ ఆమ్లం కాదు. సాంద్రత సుమారు 1.28 ఉండే పలుచని ఆమ్లం, అంటే దాదాపు 37 శాతం. ఖనిజాలు తొలగించిన నీటిలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోస్తూ, పుట్టే వేడిని గ్రాఫైట్ వంటి కూలర్లతో తీసేస్తూ దీన్ని తయారు చేస్తారు. ఇలా పలుచబరిచేటప్పుడు ఎప్పుడూ నీటిలోకే ఆమ్లం, ఆమ్లంలోకి నీరు ఎన్నడూ కాదు. ఇక్కడి నుంచి ఇనుప గొట్టం పనికిరాదు. ప్లాస్టిక్, ఫైబర్, రబ్బరు పూత ఉన్నవే వాడాలి. ఆమ్లంలో ఇనుము కలిస్తే బ్యాటరీ వాడకుండా ఉంచినా తనంతట తానే డిశ్చార్జి అవుతుంది. అందుకే భారతీయ ప్రమాణం ఐఎస్ 266లో బ్యాటరీ ఆమ్లానికి విడిగా గ్రేడు పెట్టారు. పైన చెప్పిన సీసపు గదులు అన్నేళ్లు నిలవడానికి కారణమూ, బ్యాటరీ లోపల సీసం పలుచని ఆమ్లాన్ని తట్టుకోవడానికి కారణమూ ఒకటే: సీసం మీద కరగని లెడ్ సల్ఫేట్ పొర ఏర్పడటం. ఇనుముకు గాఢ ఆమ్లంలో దొరికిన రక్షణ సీసానికి పలుచని ఆమ్లంలో దొరుకుతుంది.

ప్రశ్న కొనసాగింపు (కెమిస్ట్రీ లెక్చరర్, తిరుపతి)

ముగ్గురికీ కృతజ్ఞతలు. బెడ్లలో ఉష్ణోగ్రతల లెక్కను రేపే గ్రాఫుగా గీయించాలనుకుంటున్నాను. రెండు విషయాలు మిగిలాయి. శోషణకు 98 శాతమే ఎందుకో ఇంకా తెలియలేదు. 93 శాతం గానీ 100 శాతం గానీ అయితే ఏమవుతుంది? అలాగే మూడు బెడ్ల తరువాత 95 శాతం దగ్గర ఆగింది కదా, నాలుగో బెడ్ మిగిలినదాన్ని ఎంతవరకు పట్టుకుంటుంది? వదిలేసిన డయాక్సైడ్ చిమ్నీ నుంచి గాలిలోకి పోతుందా?

జవాబు (విశ్రాంత ప్రాసెస్ ఇంజినీరు, చిత్తూరు)

అమ్మా, ముందు 98 సంగతి చూద్దాం. ఆమ్లం ఉపరితలం మీద ఎప్పుడూ కొంత ఆవిరి ఉంటుంది. ఆమ్లం పలుచగా ఉంటే ఆ ఆవిరిలో నీరు ఎక్కువ. వంద శాతానికి దగ్గరయ్యే కొద్దీ నీటి ఆవిరి తగ్గి ట్రయాక్సైడ్ ఆవిరి పెరుగుతుంది. 98.3 శాతం దగ్గర ఈ రెండూ కలిసిన మొత్తం పీడనం కనిష్ఠంగా ఉంటుంది. అందుకే ఆ ఆమ్లం అన్నిటికన్నా ప్రశాంతమైన ద్రవం. 93 శాతం ఆమ్లం వాడితే దాని పైనున్న నీటి ఆవిరి, వస్తున్న ట్రయాక్సైడ్‌ను ద్రవంలోకి చేరకముందే గాలిలో పట్టుకుని మైక్రాను కన్నా చిన్న బిందువులుగా మారుస్తుంది. ఆ బిందువులు ఎంత చిన్నవంటే, టవర్‌లోని సిరామిక్ ముక్కల మధ్య కారుతున్న ఆమ్లాన్ని తాకకుండా వాయువుతో పాటే పైకి పోయి చిమ్నీ నుంచి తెల్లని పొగగా బయటపడతాయి. నేరుగా నీరు వాడితే ఇదే జరిగేది, ఇంకా ఘోరంగా. అలాగని ఆమ్లం 99 శాతం దాటితే దాని పైనున్న ట్రయాక్సైడ్ పీడనం అడ్డుపడి, కొత్తగా వచ్చినది కరగకుండా జారిపోతుంది. చిమ్నీ బయట తేమను తాకి అదీ తెల్లని పొగే అవుతుంది. రెండు వైపులా లోయ ఉన్న సన్నని గట్టు మీద నడవాలి కాబట్టి, 98.5 శాతం దరిదాపుల్లో ఆమ్లాన్ని నిలపడానికి సర్క్యులేషన్ ట్యాంకులోకి నీటిని నిరంతరం కొలిచి కలుపుతూ ఉంటారు. చర్యకు కావలసిన నీరు చేరేది అక్కడే. పుస్తకంలో ఓలియం తయారు చేసి దానికి నీరు కలుపుతారని ఉంటుంది. ఓలియం అమ్మకానికి కావలసిన ప్లాంటులోనే దానికి విడిగా టవర్ ఉంటుంది, మిగిలినచోట్ల ఆమ్లంలో శోషణ, నీటితో సర్దుబాటు ఒకే చుట్టులో జరిగిపోతాయి.

తేమ గురించి ఇంకో మాట. బర్నర్‌లోకి వెళ్లే గాలిని కూడా ముందుగా డ్రైయింగ్ టవర్‌లో గాఢ ఆమ్లంతో తడిపి ఆరబెడతారు. ఆ టవర్ సరిగా పనిచేయకపోతే తేమ లోపలికి వెళ్లి, ట్రయాక్సైడ్‌తో కలిసి, ఉష్ణ వినిమాయకాల్లో చల్లగా ఉన్న మూలల్లో ఆమ్లంగా కురిసి గొట్టాలను చిల్లులు చేస్తుంది. తిరుపతిలో పిల్లలు చూసే వానాకాలపు గాలిలో ఎంత నీరుందో లెక్క కట్టించి, అది రోజుకు ఎన్ని టన్నులవుతుందో చెప్పించండి. డ్రైయింగ్ టవర్ ఎందుకో విడిగా చెప్పనవసరం ఉండదు.

ఇక మిగిలిన అయిదు శాతం. మూడో బెడ్ నుంచి వచ్చిన వాయువును నేరుగా నాలుగో బెడ్‌లోకి పంపితే మొత్తం మార్పిడి 98 శాతం దగ్గర నిలిచిపోతుంది. పాత ప్లాంట్లు అలాగే నడిచేవి. ఒక టన్ను ఆమ్లానికి తయారయ్యే డయాక్సైడ్ సుమారు 653 కిలోలు. అందులో రెండు శాతం అంటే టన్నుకు 13 కిలోలు చిమ్నీ నుంచి ఊరి మీదికి పోయినట్టు. రోజుకు వెయ్యి టన్నుల ప్లాంటైతే అది 13 టన్నులు. 1960లలో జర్మనీలోని బేయర్ తెచ్చిన మార్పు దీన్ని సరిచేసింది. మూడో బెడ్ తరువాత వాయువును ఒక మధ్యంతర శోషణ టవర్‌కు పంపి అప్పటిదాకా తయారైన ట్రయాక్సైడ్‌ను తీసేస్తారు. ఉత్పన్నాన్ని తొలగిస్తే సమతాస్థితి ముందుకు జరుగుతుందన్న లీ షాట్‌లియర్ సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది. మీ పాఠంలో ఉష్ణోగ్రత, పీడనాలతో పాటు గాఢత కూడా ఉంది కదా. టవర్‌లో చల్లబడిన ఆ వాయువును వేడి వాయువుతో ఉష్ణ వినిమాయకంలో తిరిగి 420 డిగ్రీలకు తెచ్చి నాలుగో బెడ్‌లోకి పంపితే మొత్తం మార్పిడి 99.7 శాతానికి చేరుతుంది, టన్నుకు పోయేది రెండు కిలోలకు తగ్గుతుంది. దీన్ని డీసీడీఏ పద్ధతి అంటాం: రెండు సార్లు ఉత్ప్రేరకం, రెండు సార్లు శోషణ.

అయితే ఈ అంకెలు ప్లాంటు స్థిరంగా నడుస్తున్నప్పటివి. షట్‌డౌన్ తరువాత కన్వర్టర్ చల్లబడి ఉంటుంది. డీజిల్ మండించి వేడి గాలితో బెడ్లను 400 డిగ్రీలకు పైకి తెచ్చాకే గంధకం పెట్టాలి. ఆ ఓపిక లేక ముందుగానే గంధకం మండిస్తే మార్పిడి జరగని డయాక్సైడ్ నేరుగా బయటికి పోయి చుట్టుపక్కల ఊళ్లవాళ్ల గొంతులు మండిస్తుంది. ప్లాంటు సామర్థ్యం గురించి ఎన్ని లెక్కలు చెప్పినా, ఆ కొన్ని గంటల్లో ఎలా ప్రవర్తించారన్న దాన్ని బట్టే పక్క ఊరివాళ్లు ఆ ప్లాంటును అంచనా వేస్తారు. వారి అంచనా సరైనదే.

ప్రశ్న (బీఎస్సీ విద్యార్థి, చిత్తూరు)

నమస్కారం సార్. మన దేశంలో గంధకం గనులు పెద్దగా లేవని చదివాను. మరి ఇంత గంధకం ఎక్కడి నుంచి వస్తుంది? తయారైన ఆమ్లంలో ఎక్కువ భాగం దేనికి పోతుంది?

జవాబు (విశ్రాంత ప్రాసెస్ ఇంజినీరు, చిత్తూరు)

బాబూ, గంధకంలో పెద్ద భాగం ఇవాళ ముడిచమురు నుంచీ సహజవాయువు నుంచీ వస్తోంది. పెట్రోలు, డీజిల్ నుంచి గంధకాన్ని తొలగించాలన్న నిబంధనల వల్ల మణలి, విశాఖపట్నం వంటి రిఫైనరీలు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వేరు చేసి క్లాస్ విధానంలో దాన్ని గంధకంగా మారుస్తాయి. అది చాలక గల్ఫ్ దేశాల నుంచి ఓడల్లో దిగుమతి చేసుకుంటాం. రెండో మార్గం రాగి, జింకు కర్మాగారాలు. సల్ఫైడు ఖనిజాన్ని కాల్చినప్పుడు వచ్చే డయాక్సైడ్‌ను గాలిలోకి వదలకుండా ఆమ్లంగా మారుస్తారు. తూత్తుకుడిలోని రాగి కర్మాగారం 2018లో మూతపడినప్పుడు దాని నుంచి వచ్చే ఆమ్లం కూడా దక్షిణాది మార్కెట్ నుంచి మాయమైంది. లోహం పరిశ్రమకూ ఆమ్లం పరిశ్రమకూ ఉన్న ముడి అప్పుడు అందరికీ కనిపించింది.

ఆమ్లంలో సగానికి పైగా ఎరువులకే పోతుంది. రాతి ఫాస్ఫేట్ మొక్కకు అందదు. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చర్య జరిపిస్తే ఫాస్ఫారిక్ ఆమ్లం వస్తుంది, అడుగున జిప్సం మిగులుతుంది. మన జిల్లా వేరుశనగ రైతులు పూత దశలో ఎకరాకు 200 కిలోల చొప్పున వేసే జిప్సం ఇలా మిగిలినదీ కావచ్చు. కాయ గట్టిపడటానికి కావలసిన కాల్షియం, నూనె పెరగడానికి కావలసిన గంధకం రెండూ అందులో ఉంటాయి. అంటే విశాఖ రేవులో దిగిన పసుపు గంధకంలో కొంత చివరికి పీలేరు, పుంగనూరు చేలలో తేలుతుందన్నమాట.

లెక్చరర్ గారు పిల్లలకు ఇవ్వదలచుకుంటే ఒక లెక్క ఇదిగో. ఒక టన్ను శుద్ధమైన ఆమ్లానికి గంధకం 327 కిలోలు, ఆక్సిజన్ 490 కిలోలు, నీరు 184 కిలోలు కావాలి. పరమాణు భారాలు 32, 16, 1 అనుకుని ఎవరైనా వేసుకోవచ్చు. ఆక్సిజన్ గాలి నుంచి ఉచితంగా వస్తుంది, నీటి ఖర్చు స్వల్పం. కాబట్టి టన్ను ఆమ్లం ధర ఆ 327 కిలోల గంధకం ధరతో పాటే పెరిగి తగ్గుతుంది, అమ్ముకున్న ఆవిరి విలువ అందులోంచి తీసివేయాలి. డీసీడీఏ ప్లాంటులో నిజంగా ఖర్చయ్యే గంధకం 330 కిలోల లోపే ఉంటుంది. 98 శాతం మార్పిడి ఉన్న పాత ప్లాంటులో ఎంతవుతుందో, ఏడాదికి మూడు లక్షల టన్నుల ఉత్పత్తికి ఎంత గంధకం చిమ్నీలో పోతుందో వాళ్లనే కట్టమనండి.